రత్నం కణాల వెంట ఢిల్లీ దాకా

ఢిల్లీ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా రేపల్లె సంఘంలో కనబడ్డవాళ్ళంతా ఎర్రకోట చూశావా, తాజ్‌మహల్ చూశావా అని అడుగుతున్నారు. తాజ్‌మహల్ ఢిల్లీలో లేదని చెబితే అదేదో నా తప్పన్నట్టు చూస్తున్నారు. నేను ఏ కోటా చూడలేదు. గాజు తలుపుల ఆస్పత్రి ఒకటి, పొగలో మునిగిన కాలనీ ఒకటి, ఎప్పుడూ నవ్వే ఒక ప్రసంగీకుణ్ణి చూసి వచ్చాను. ఆ మూడింటి గురించే ఇది. మీలో ఎవరికైనా ఇలాంటి పని మీద అటు వెళ్ళవలసి వస్తే పనికొస్తుందని రాస్తున్నాను. రాకూడదనే నా ప్రార్థన.

నా చెల్లెలు రత్నానికి మెడలో, చంకల్లో, పొట్టలో గడ్డలు. లింఫోమా అన్నారు. గుంటూరులో ఒకసారి, హైదరాబాదులో ఒకసారి కీమో ఎక్కించారు. రెండుసార్లూ గడ్డలు కరిగినట్టే కరిగి మళ్ళీ లేచాయి. ఇక మామూలు మందులు లాభం లేదన్నారు. మిగిలిన దారి ఒకటే. ఆమె రక్తంలోంచి తెల్ల కణాలు తీసి, క్యాన్సర్ కణాన్ని ఎలా గుర్తుపట్టాలో వాటికి నేర్పించి, తిరిగి ఆమె ఒంట్లోకే వదలాలి. అదీ ఫలించకపోతే ఇంటికి తీసుకుపోయి కూర్చోబెట్టుకోవడమే. రత్నం కూతురు షారోన్ గుర్గావ్‌లో ఉద్యోగం చేస్తుంది, జనక్‌పురిలో అద్దెకుంటుంది. అక్కడే చేయిద్దామంది. తోడుగా నేను బయల్దేరాను.

రైల్లో

మన దేశంలో డాక్టర్ల కొరత ఉందని పేపర్లో రాసేవాళ్ళు ఒకసారి ఢిల్లీ రైలెక్కాలి. మా బోగీలో ప్రతి బెర్తుకీ ఒక డాక్టరు. రత్నం తలగుడ్డ చూడగానే వైద్యం మొదలైంది. ఎదురు బెర్తు వరంగల్ ఆవిడ గోధుమగడ్డి రసం తాగమంది. పక్కన రిటైరైన బ్యాంకు మేనేజరు, ఆయనకే షుగరూ బీపీ, "అంతా మైండ్‌లో ఉందమ్మా, పాజిటివ్‌గా ఆలోచించాలి" అని చెప్పి, మాటల్లోనే మూడు మాత్రలు మింగాడు. నాగపూర్ దాటాక ఎక్కిన ఒకాయన చెప్పిన ద్రవం పేరు నేను ఇక్కడ రాయను, ఇది ఆడవాళ్ళూ పిల్లలూ చదువుతారు.

రత్నం అందరికీ నవ్వుతూ ఒకటే జవాబు చెప్పింది. "దేవుని కృప, బాగున్నానండి."

నాకు ఒళ్ళు మండింది. "ఏం బాగున్నావే? పొద్దుట్నుంచి రెండుసార్లు వాంతి చేసుకున్నావు" అన్నాను.

"ఊరుకో అక్కా. అడిగినవాళ్ళకి మన బాధలెందుకు?"

చిన్నప్పట్నుంచీ అంతే. సండే స్కూల్లో కంఠత వాక్యాల పోటీ పెడితే ఏటా ఫస్టు రత్నమే. ఒక్క అక్షరం పొల్లుపోయేది కాదు. అదే కడుపు నొప్పి అని చెప్పాలంటే మాత్రం నోరు పెగిలేది కాదు. చెప్పడమంటే సణగడం అనుకునేది.

జనక్‌పురి

ఢిల్లీ గాలిని గురించి వినడమే గానీ, కంటితో చూస్తామని నేననుకోలేదు. అక్కడ గాలి కనబడుతుంది. పొద్దున్నే కిటికీ తీస్తే ఎదురింటి మేడ సగమే ఉంటుంది. మా చేపల రేవులో ఎండు రొయ్యలు ఆరబెట్టిన రోజు వాసనకి ముక్కు మూసుకునేవాళ్ళు ఒకసారి అక్కడికి వెళ్ళి ఊపిరి తీసుకోవాలి, తర్వాత రొయ్యలకి క్షమాపణ చెప్పుకుంటారు.

షారోన్ ఉండేది రెండో అంతస్తు. కింద ఇంటివాళ్ళు పంజాబీలు. ఇంటావిడ నా ఈడుదే, అయినా నన్ను "దీదీ" అని, రత్నాన్ని "బేటీ" అని పిలిచింది. మొదటి రోజే రాజ్మా పంపింది. మర్నాడు పైకి వచ్చి మేం అన్నంలో చారు కలుపుకోవడం గుమ్మంలో నిలబడి చూసింది.

"రోజూ చావల్, అన్నమేనా దీదీ? రెండు పూటలా?"

"మూడు పూటలా" అన్నాను. ఆవిడ రత్నం జబ్బుకి కారణం దొరికినట్టు తల పంకించింది.

మంచి మనిషే. కాకపోతే అక్కడ పప్పులో చింతపండు వెయ్యరు, చారుకి పేరే లేదు, పచ్చడి అంటే చక్కెర కలిపిన మామిడికాయ. ఇంత పెద్ద రాజధాని కట్టుకున్నవాళ్ళకి ఒక్క గోంగూర కట్ట దొరకదు. పార్లమెంటు ఉంటే సరిపోదు.

మేం దిగిన మూడో రోజు, నేను మొదట చెప్పిన ఆ ప్రసంగీకుడు వచ్చాడు. లక్ష్మీ నగర్‌లో తెలుగు కూటం నడుపుతాడు. అక్కడ అందరూ "బ్రదర్" అనే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. షారోన్ ఉద్యోగంలో చేరిన కొత్తలో, దిక్కు తెలియని ఊళ్ళో, ఆ కూటమే ఆమెకి అన్నం పెట్టింది. ఆ మాట దాచను. ఇస్త్రీ చొక్కా, సెంటు, చేతిలో ఫోను. కూర్చోకముందే ఫోను బల్ల మీద నిలబెట్టి మావైపు తిప్పాడు.

"వందనాలు సిస్టర్! ఎలా ఉన్నారు?"

"దేవుని కృప, బాగున్నానండి."

"ఆ! అదీ విశ్వాసం!" అని నావైపు తిరిగాడు. "చూశారా అమ్మగారూ, చాలామంది స్వస్థతని ఇక్కడే పోగొట్టుకుంటారు. జ్వరం అంటారు, నొప్పి అంటారు, నోటితోనే రోగాన్ని పిలుచుకుంటారు. పొందేశాను అని పలకాలి. పలికిందే జరుగుతుంది."

"అయితే మీ కళ్ళజోడు తీసి, కనబడుతోంది అని పలకండి" అన్నాను.

షారోన్ "పెద్దమ్మా!" అంది. బ్రదర్ పెద్దగా నవ్వాడు. ఆయనకి ఏదన్నా నవ్వే. వైద్యం వద్దనలేదు, అంత తెలివితక్కువవాడు కాదు. డాక్టర్లు దేవుని చేతిలో పనిముట్లు అన్నాడు. పనిముట్టు పని చేసింతర్వాత పేరు ఎవరికి రావాలో ముందే ఏర్పాటు చేసుకుంటున్నాడని నాకు అప్పుడే అర్థమైంది. రత్నానికి మాత్రం అర్థం కాలేదు. ఆమె ముఖం వెలిగిపోతోంది. తను ఇన్నేళ్ళు మొహమాటంతో చేసిన పనికి ఈయన విశ్వాసం అని పేరు పెట్టాడు మరి.

గుర్గావ్

ఆస్పత్రి హాల్లో పియానో ఉంది. ఎవరూ వాయించడం లేదు, దానంతటదే మీటలు కదులుతూ వాయించుకుంటోంది. కాఫీ నూట ఎనభై. కప్పు మీద నురుగుతో ఆకు బొమ్మ వేసిచ్చారు. ఆ డబ్బుకి మా ఊళ్ళో ఇద్దరు కడుపునిండా భోంచేసి కిళ్ళీ వేసుకోవచ్చు. గోడ మీద పెద్ద పటం, కత్తులూ డాళ్ళూ పట్టుకున్న తెల్ల కణాలు క్యాన్సర్ రాక్షసుణ్ణి పొడుస్తున్నాయి. పక్కనే నవ్వుతున్న ఒక కుటుంబం. వాళ్ళ పళ్ళు చూస్తే ఒక్కరికీ జీవితంలో పంటి నొప్పి కూడా వచ్చినట్టు లేదు.

డాక్టరు మాత్రం ఆ పటంలాంటి మనిషి కాదు. చిన్న వయసు, నిద్రలేని కళ్ళు, తిన్నగా మాట్లాడుతుంది. నేను కత్తుల సంగతి అడిగితే విసుక్కుంది. షారోన్ తెలుగు చేసి చెప్పింది.

"అదంతా ప్రచారం వాళ్ళు వేశారు. కత్తులూ లేవు, ఏమీ లేవు. మీ చెల్లెలి కణాలు ఇప్పటికీ ఆమె ఒంట్లో తిరుగుతూనే ఉన్నాయి. గడ్డ పక్కనుంచి వెళ్ళిపోతున్నాయి, అది శత్రువని వాటికి తెలియడం లేదు. మేం వాటికి గుర్తుపట్టే కొక్కెం ఒకటి తగిలించి పంపుతాం. మాత్ర అయితే మింగాక అరిగిపోతుంది. ఇవి ప్రాణమున్నవి. లోపలికి వెళ్ళి పిల్లల్ని పెడతాయి, వెతుక్కుంటూ గడ్డ దాకా పోతాయి."

"తప్పకుండా పోతాయా?"

"కొందరిలో పోతాయి. కొందరిలో పోవు. పోయినా కొందరిలో మళ్ళీ జబ్బు తిరిగొస్తుంది." తర్వాత రత్నం వైపు వంగి నెమ్మదిగా చెప్పింది. "అవి పని మొదలుపెట్టినప్పుడు ఒళ్ళు అల్లకల్లోలం అవుతుంది. జ్వరం వస్తుంది. ఒక్కోసారి మెదడు మీద దెబ్బ పడుతుంది, మాట తడబడుతుంది, చెయ్యి వణుకుతుంది. చిన్న తలనొప్పి అయినా వెంటనే మాకు చెప్పాలి. వెంటనే చెబితే మందుంది. ఆలస్యమైతే మూర్ఛలొస్తాయి, ప్రాణం మీదికి వస్తుంది. అర్థమైందా ఆంటీ?"

రత్నం నవ్వి "ప్రైజ్ ద లార్డ్" అంది. డాక్టరు అది అవునన్న మాట అనుకుంది.

కణాలు తీసే రోజు రెండు చేతులకీ గొట్టాలు పెట్టి మిషను పక్కన పడుకోబెట్టారు. రక్తం ఒక చేతిలోంచి పోయి, మిషనులో గిరగిరా తిరిగి, కావలసిన కణాలు వదిలేసి ఇంకో చేతిలోకి వస్తుంది. సంచీలో చేరింది చూస్తే పలచని టమోటా చారులా ఉంది. నేను దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తానంటే నర్సు ఒప్పుకోలేదు. కాస్త దూరంగా నిలబడి చేశాను. సృష్టికర్తకి సంచీ ముట్టుకోనవసరం లేదు. ఆ కణాల్ని కడుపులో ఉన్నప్పుడే కల్పించినవాడికి వాటికి కొక్కెం తగిలిస్తే కోపమొస్తుందని నేను అనుకోను. బైబిల్లో జబ్బుపడి గోడవైపు తిరిగి ఏడ్చిన రాజుకి ఆయుష్షు పొడిగించిన దేవుడే, పుండు మీద అంజూరపు పళ్ళ ముద్ద కట్టమని ప్రవక్తతో చెప్పించాడు. ముద్ద కట్టించుకుంటే విశ్వాసం తగ్గిందని ఆ రాజుని ఎవరూ అనలేదు.

కరోల్ బాగ్

కణాలు ల్యాబులో తయారై రావడానికి వారాలు పడుతుందన్నారు. ఈలోగా చలి ముదిరింది. రేపల్లెలో మేం చలి అని దేన్ని అంటామో దాన్ని అక్కడ ఎండాకాలంలో ఏసీ పెట్టుకుని తెచ్చుకుంటారు. షారోన్ నన్ను స్వెటరు కొనడానికి కరోల్ బాగ్ తీసుకెళ్ళింది.

అంతమంది జనం ఒక్కచోట ఉండగా చూడటం మా గుడ్‌ఫ్రైడే సభల్లోనే. అక్కడ కనీసం పాట పాడతారు. షాపతను "ప్యూర్ ఊల్ మాతాజీ, పన్నెండు వందలు" అన్నాడు. నేను నాలుగొందలు అన్నాను. "తీసుకోండి" అని క్షణంలో కవర్లో పెట్టేశాడు. ఆ వేగం చూస్తే నూట యాభై అనాల్సిందని తెలిసింది. ఇంటికొచ్చి వేసుకుంటే మెడంతా దురద. ఇంటావిడ చేత్తో తడిమి చూసి "ఊలు కాదు దీదీ, ప్లాస్టిక్" అని జాలిపడింది.

అదే వీధిలో "సౌత్ ఇండియన్" అని బోర్డున్న హోటల్లో ఇడ్లీ తిన్నాం. సాంబారు తియ్యగా ఉంది. చట్నీలో పెరుగు కలిపారు. "భయ్యా, యే క్యా హై?" అని నాకొచ్చిన హిందీ అంతా ఖర్చుపెట్టి అడిగాను. "కొబ్బరి చట్నీ ఆంటీజీ, మద్రాసు స్టైలు" అన్నాడు. మద్రాసువాళ్ళకి నేను చెప్పను, వాళ్ళ బాధలు వాళ్ళకున్నాయి.

లక్ష్మీ నగర్

ఆదివారం బ్రదర్ కూటానికి వెళ్ళాం. నేను వద్దన్నాను, రత్నం వెళ్ళి తీరాలంది. సివిల్సుకి కోచింగ్ ఇచ్చే భవనం అది, కింద నేలమాళిగ గది. వారమంతా పాఠాలు, ఆదివారం ఆరాధన. బోర్డు మీద రాజ్యాంగం అధికరణాలు చెరపకుండా అలాగే ఉన్నాయి. వాటి మీదే కాగితం అంటించి "స్వస్థత ఆరాధన" అని రాశారు.

మా సంఘంలో చెప్పులు బయట విడుస్తాం, చాప మీద కూర్చుంటాం, ఆడవాళ్ళు ముసుగేసుకుంటాం. అక్కడ బూట్లతో వచ్చి ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. దానికి నేనేమీ అనను. పాపం ఆ పిల్లలు హాస్టల్ గదుల్లో పరోఠాలు తిని బతుకుతున్నారు, తెలుగు పాట వినబడితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారు. పాటలు బాగా పాడారు. సాక్ష్యాల దగ్గరే నాకు పడలేదు. ఒక్కొక్కరూ లేచి పొందేశాం, జయించేశాం అన్నారు. ఒకమ్మాయి పరీక్ష ఫలితాలు రాకముందే కలెక్టరైపోయానని చెప్పింది. అందరూ చప్పట్లు.

బ్రదర్ రత్నాన్ని ముందుకు పిలిచి తల మీద చెయ్యి పెట్టాడు. ఫోను అప్పటికే స్టాండు మీదుంది.

"సిస్టర్, లోపలికి కణాలు వెళ్ళాక శత్రువు శోధిస్తాడు. జ్వరం వచ్చింది అనిపిస్తుంది. తల నొప్పి అనిపిస్తుంది. ఆ మాట నోట రానివ్వనని దేవుని ముందు మాటివ్వండి."

నేను కుర్చీలోంచి లేచాను. "బ్రదర్ గారూ, డాక్టరు సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చెప్పింది. తలనొప్పి వస్తే చెప్పమంది."

"డాక్టరుకి చెప్పవలసింది మిషన్లు చెబుతాయి అమ్మగారూ. మన నోరు దేవునిది."

"మన నోరు దేవునిదైతే అబద్ధం ఆడటానికి ఎలా వాడతాం? వీణ వాయించి కీర్తనలు పాడిన రాజు ఎముకలు అదురుతున్నాయని, పడక కన్నీళ్ళతో తడిసిందని దేవుడి దగ్గరే మొరపెట్టుకున్నాడు. ఆయనకి విశ్వాసం తక్కువైందా?"

కుర్చీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. బ్రదర్ కూడా నవ్వాడు. "అమ్మగారు పాత తరం. ప్రేమతో సహిద్దాం" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు.

రత్నం మాటిచ్చింది.

మళ్ళీ గుర్గావ్

కణాలు వచ్చిన రోజు నేనేదో గొప్ప సంగతి చూస్తాననుకున్నాను. పొగలు కక్కే డబ్బాలోంచి గడ్డకట్టిన చిన్న సంచీ తీశారు. వెచ్చటి నీళ్ళలో కరిగించారు. సెలైన్ ఎక్కించినట్టే ఎక్కించారు. నేను రెండు కీర్తనలు పాడేలోగా అయిపోయింది. అంతే. ఇంత దూరం ఇందుకా వచ్చాం అనిపించింది. కాసేపటికి గదంతా వెల్లుల్లి వాసన. కణాలు పాడవకుండా కలిపిన మందు వాసన అట, రోగి ఊపిరిలోంచి వస్తుందట. ఢిల్లీ వచ్చాక మా వంటింటి వాసన తగిలింది అప్పుడే.

రెండో రోజుకి జ్వరం వచ్చింది. అది థర్మామీటరు చెప్పింది, రత్నం చెప్పలేదు. డాక్టరు కంగారుపడలేదు, కణాలు పని మొదలుపెట్టాయంది. అప్పట్నుంచి నర్సులు మళ్ళీ మళ్ళీ వచ్చి మెదడు పరీక్ష చేసేవాళ్ళు. ఎప్పుడూ అవే ప్రశ్నలు, అదే వరస. నీ పేరేమిటి, ఇది ఏ నెల, ఇది ఏ ఊరు, ఇదేమిటి అని పెన్ను చూపించడం, వందనుంచి పది పది తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టడం. రత్నానికి హిందీ రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. అందుకని షారోన్ ముందే జవాబులు బట్టీ పట్టించింది. వాళ్ళమ్మ కష్టపడకూడదని ప్రేమతో చేసిన పని. కంఠత వాక్యాల పోటీలో ఏటా ఫస్టొచ్చిన మనిషికి అదెంత పని? నర్సు నోరు తెరిచే లోపలే జవాబు తయారు.

"వెరీ గుడ్ ఆంటీ. హెడేక్? సర్ దర్ద్?"

"నో, నో. ఫైన్. ప్రైజ్ ద లార్డ్."

నర్సులకి రత్నమంటే ముచ్చట. పక్క గది రోగి గిన్నెలు విసిరేస్తున్నాడట మరి.

ఆ తర్వాత ఒక ఉదయం. మామూలుగా మేమిద్దరం ప్రార్థన చేసుకుంటాం. మా సంఘంలో వాక్యం కంఠతా చెబుతాం గానీ ప్రార్థన మాత్రం ఎవరూ కంఠతా చెయ్యరు, చేస్తే తప్పు. నోటికొచ్చినట్టు దేవుడితో మాట్లాడాలి. రత్నం ప్రార్థన మా వీధి వెంట నడిచినట్టుంటుంది. మొదటింట్లో సలోమి మోకాళ్ళు, పక్కన ఏసుపాదం కంటి శుక్లం, ఆ ఎదురు దేవసహాయం కోర్టు కేసు, మూలింట్లో కొత్త కోడలి పురుడు. ఇంత జబ్బులోనూ ఒక్క గడప వదిలేది కాదు.

"ప్రభువా, సలోమి మోకాళ్ళని ముట్టుము" అంది. నేను కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నాను. "సలోమి మోకాళ్ళని... సలోమి... మోకాళ్ళలో ప్రభువా... మోకాళ్ళ అమ్మని..." అంది. మళ్ళీ సలోమి దగ్గరికే వచ్చింది. రత్నం ఆ వీధిలో ముందుకి కదలలేకపోతోంది.

ప్రార్థన మధ్యలో కళ్ళు తెరవకూడదని పిల్లలకి నేనే నేర్పుతాను. తెరిచాను. రత్నం చేతులు జోడించుకునే ఉంది. ఆ చేతులు వణుకుతున్నాయి.

"రత్నం, తలనొప్పి ఉందా?"

"బాగున్నా."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

"దేవుని కృప" అంది, నా భుజం పక్కనున్న గోడని చూస్తూ.

నేను బెల్లు కొట్టలేదు, వసారాలోకి పరుగెత్తి కేకేశాను. నర్సు వచ్చి ప్రశ్నలు మొదలుపెట్టింది. పేరు? రత్నకుమారి. నెల? చెప్పింది. ఊరు? గుర్గావ్. పెన్ను? పెన్. వంద, తొంభై, ఎనభై, గడగడా చెప్పేసింది.

"ఆంటీ తో ఠీక్ హై. ఆల్ కరెక్ట్. నో టెన్షన్."

"వరస మార్చి అడుగమ్మా" అన్నాను. ఆమెకి తెలుగు రాదు, నాకు హిందీ రాదు. నేనే ఆమె జేబులోంచి పెన్ను లాగి రత్నం ముఖం ముందు పెట్టాను. "ఇదేమిటి? మొదట ఇది చెప్పు."

రత్నం పెన్నుని శ్రద్ధగా చూసింది. నవ్వింది. "రత్నకుమారి" అంది.

గోడ గడియారం చూపించాను. "ఫైన్. నవంబర్" అంది.

నర్సు ముఖం మారిపోయింది. ఫోనందుకుంది. తర్వాత గది నిండా మనుషులు. నన్ను బయటికి పంపేశారు. పియానో దగ్గర కూర్చున్నాను. అది దానంతటదే వాయించుకుంటూనే ఉంది. నేను చేసిన ప్రార్థనలో ఒక్క మంచి మాట లేదు. మా చెల్లెల్ని ఇలా తీసుకుపోతే నీతో మాట్లాడనని చెప్పాను. ఆయన వినని మాట కాదు, ఇంతకన్నా కఠినమైనవి విన్నాడు, బైబిల్లో రాయించి ఉంచాడు కూడా.

సాయంత్రం డాక్టరు వచ్చింది. మందులిచ్చారు, మూర్ఛలు రాలేదు. ఆ మందు కణాల జోరు కూడా కొంత తగ్గించవచ్చు, కానీ ఇవ్వక తప్పదంది. "ఇంకాస్త ఆగి ఉంటే ఏం జరిగేదో చెప్పలేను. మీకెలా తెలిసింది?" అని అడిగింది. షారోన్ ఏడుస్తూనే సలోమి మోకాళ్ళ సంగతి ఇంగ్లీషులో చెప్పింది. డాక్టరు నవ్వలేదు. ఇకమీద పరీక్షలో ప్రశ్నల వరస మారుస్తూ అడగమని, జవాబులు ఎవరూ నేర్పొద్దని నర్సులకి చెప్పింది.

రత్నం తేరుకోవడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున సలోమి దాటి, ఏసుపాదం దాటి, కోర్టు కేసు దాకా వచ్చింది. తను ఆమెన్ అనే వరకు ఆగి అడిగాను.

"తలనొప్పి ఎప్పుడు మొదలైంది?"

"ముందురోజు మధ్యాహ్నం."

"ఎందుకు చెప్పలేదే?"

"మాటిచ్చానుగా అక్కా." కాసేపు దుప్పటి అంచు నలిపింది. "చెబితే పోగొట్టుకుంటానేమోనని భయమేసింది. నా విశ్వాసం చాలక కణాలు పని చెయ్యడం మానేస్తాయేమోనని."

చూడండి, ఎంత పెద్ద బరువు ఆ సెంటు మనిషి రోగి గుండెల మీద పెట్టాడో! బతికితే ఆయన ప్రార్థన. చస్తే ఈమె అవిశ్వాసం. ఇంత లాభసాటి వ్యాపారం కరోల్ బాగ్‌లో కూడా లేదు.

"రత్నం, కణాలకి విశ్వాసం ఉండదు. వాటికి నేర్పింది అవి చేస్తాయి. నీకు ఒక నోరుంది. నొప్పి అని అనడానికి కూడా దేవుడే ఇచ్చాడు."

రత్నం ఏడ్చింది. జబ్బు వచ్చింతర్వాత ఆమె నా ముందు ఏడవడం అదే మొదటిసారి. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. నోరు పూసింది. అరికాళ్ళు మంటలు. కీమో అప్పుడు కూడా ఇవన్నీ దాచిందట. నర్సు అవన్నీ రాసుకోలేక అలిసిపోయింది.

జనక్‌పురిలో చివరి వారం

నెల దాటాక స్కాన్ తీశారు. డాక్టరు కంప్యూటరు మావైపు తిప్పింది. పాత బొమ్మలో మెడ, చంకలు, పొట్ట దీపాలు పెట్టినట్టు వెలుగుతున్నాయి. కొత్త బొమ్మలో ఆ దీపాలు లేవు.

"ఇప్పుడు గడ్డలు కనబడటం లేదు. మూడు నెలలకి మళ్ళీ చూడాలి. తిరిగి రాదని నేను మాటివ్వలేను ఆంటీ. కానీ ఇవాళ్టికి ఇది చాలా మంచి వార్త."

రత్నం నాతో కలిసి ఆ కుర్చీలోనే స్తోత్రం చేసింది. డాక్టరు కూడా, ఆమె మతం ఏదో నేనడగలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని మేం ముగించేవరకూ ఆగింది.

షారోన్ ఆ వార్త కూటం గ్రూపులో పెట్టిందో లేదో, సాయంత్రానికి బ్రదర్ వచ్చేశాడు. స్టాండు, ఫోను, ఈసారి ఒక గుండ్రటి లైటు కూడా.

"సిస్టర్, రెండే నిమిషాలు. సంపూర్ణ స్వస్థత పొందాను అని చెప్పండి. ఎప్పుడు చెయ్యి పెట్టానో అప్పుడే పొందాను అని."

నేను నోరు తెరవబోయాను. రత్నం నా చెయ్యి నొక్కింది. లైటు వైపు తిరిగి కూర్చుంది.

"నా పేరు రత్నం. మాది రేపల్లె. నాకు తలపోటు వచ్చింది, దాచాను. దాచమని మాట తీసుకున్నారు. మా అక్క కనిపెట్టకపోతే నేను ఈ కుర్చీలో ఉండేదాన్ని కాదు. నా కణాలకి డాక్టర్లు నేర్పిన పని అవి చేశాయి, దేవుడు నన్ను ఇంకొన్నాళ్ళు ఉంచాడు. మళ్ళీ వస్తుందేమోనని భయంగా ఉంది. నాకోసం ప్రార్థన చెయ్యండి. మీకు నొప్పుంటే చెప్పండి."

బ్రదర్ మొదటిసారి నవ్వలేదు. లైటులో ఆయన ముఖం పాలిపోయినట్టు కనబడింది.

"బాగుంది సిస్టర్... చాలా బాగుంది. ఆ భయం అన్న మాట, తలపోటు సంగతీ తీసేసి ఇంకొక్కసారి..."

"ఇంకొక్కసారి చెప్పే ఓపిక లేదు బ్రదర్ గారూ" అంది రత్నం. "నాకు ఆకలేస్తోంది. కాస్త జరగండి, దారికి అడ్డంగా ఉన్నారు."

ఆయన జరిగాడు. స్టాండు కూడా జరిపాడు. రత్నం గోడ పట్టుకుని నెమ్మదిగా వంటింట్లోకి నడిచింది. నేను వేడన్నం వడ్డించాను. పప్పులో చింతపండు వేసి, ఇంగువ పోపు పెట్టాను.

ఆ వీడియో ఆయన ఎక్కడా పెట్టలేదు. షారోన్ తర్వాత చాలాసేపు ఫోన్లో వెతికింది. వెతకొద్దే అన్నాను. రత్నం అప్పటికి రెండోసారి అన్నం పెట్టించుకుంటూ, పప్పులో ఉప్పు తక్కువైందని నన్ను తిడుతోంది.